ఇంట్లో ఉన్నట్టుండి లైట్లు ఆరిపోతే: ముందు వీధి, తర్వాత మీటరు, ఆ తర్వాతే బోర్డు

లైట్లు ఆరగానే మీటరు డబ్బా వైపు పరిగెత్తకండి. ఉన్నచోటే నిలబడి ఓ పది సెకన్లు చెవి, కన్ను పెట్టండి. ఫ్రిజ్ గుర్రుమంటోందా? పక్కగదిలో ఫ్యాను తిరుగుతోందా? వైఫై డబ్బా మీద చుక్కలైట్లు ఉన్నాయా? కిటికీలోంచి చూస్తే ఎదురింట్లో వెలుతురుందా? వీధిలైట్లను చూసి మాత్రం ఒక నిర్ణయానికి రాకండి. చాలా వీధుల్లో వాటికి వేరే తీగ ఉంటుంది. ఇళ్లన్నీ చీకటైనా అవి వెలగొచ్చు, ఇళ్లన్నీ వెలుగుతున్నా అవి ఆరిపోవచ్చు.

కరెంటు వచ్చే దారి ఒక్కటే. ట్రాన్స్‌ఫార్మర్, స్తంభం, సర్వీసు వైరు, మీటరు, మెయిన్ స్విచ్, ఆర్‌సీసీబీ (కరెంటు ఎక్కడైనా కారితే పడిపోయే మీట), ఎంసీబీ (లోడు ఎక్కువైనా షార్టు జరిగినా పడిపోయే మీట), గదిలో స్విచ్‌బోర్డు, హోల్డరు, చివరికి బల్బు. ఇందులో ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తేలితే సగం పని అయిపోయినట్టే. కనిపించిన మీటలన్నీ పైకీ కిందికీ కొడితే ఆ ఆనవాళ్లు చెరిగిపోతాయి. ఏ మీట పడి ఉందో చూడకముందే అన్నీ ఎత్తేస్తే, తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి అడిగినా చెప్పడానికి ఏమీ మిగలదు.

ముందు చేతికి వెలుతురు

ఫోన్ టార్చి వెలిగించండి. ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, పైకి చూస్తున్న టార్చి మీద తెల్లటి ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి నిలబెడితే వెలుతురు చెల్లాచెదురై గదంతా పరుచుకుంటుంది. టార్చి లైటు ఉంటే దాన్ని సీలింగు వైపు తిప్పి పెట్టండి. తెల్ల సున్నం వేసిన గదికి అది చాలు.

కొవ్వొత్తి ఆఖరి మార్గం. తప్పదంటే పళ్లెంలో కాస్త నీళ్లు గానీ ఇసుక గానీ పోసి మధ్యలో నిలబెట్టండి. కర్టెన్లు, దోమతెర, పిల్లలు పడుకున్న మంచం దరిదాపుల్లో వద్దు. అంటించే ముందు ఒక్కసారి వాసన చూడండి. గ్యాసు వాసన వస్తుంటే అగ్గిపుల్ల గీయకండి, ఏ స్విచ్చునూ వేయకండి, తీయకండి. రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి బయటికొచ్చాక 1906కు ఫోన్ చేయండి. గ్యాసు లీకులకు పెట్టిన నంబరు అదే.

కాలిన ప్లాస్టిక్ వాసన, బోర్డులోంచి చిటచిట చప్పుడు, పొగ ఉంటే ఇక పరిశోధనలేమీ వద్దు. పొడి చేత్తో మెయిన్ స్విచ్ ఆపేయండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మళ్లీ వేయకండి. మంటలు కనిపిస్తే నీళ్లు పోయకుండా బయటికొచ్చి 101కి గానీ 112కి గానీ చెప్పండి.

కొన్ని బల్బులు మరీ వెలిగి, కొన్ని గుడ్డిగా ఉంటే

దీన్ని ముందే చెప్పాలి. ఎందుకంటే ఇందులో నిమిషం ఆలస్యమైనా టీవీ, ఫ్రిజ్ పోతాయి. లైట్లు పూర్తిగా ఆరకుండా, ఒక గదిలో బల్బు కళ్లు చెదిరేలా వెలిగి, ఇంకో గదిలో ఎర్రగా మిణుకుమంటోందంటే న్యూట్రలు, అంటే కరెంటు వెనక్కి పోయే తీగ, తెగిందని అర్థం. ఫ్యాన్లు కొన్ని హోరెత్తిపోతాయి, కొన్ని ఈడుస్తాయి. వెంటనే మెయిన్ స్విచ్ ఆపండి, తర్వాతే మిగతాది.

లోపల జరిగేది ఇది. మన ఇళ్లకు ఫేజుకీ (కరెంటు తెచ్చే తీగ) న్యూట్రలుకీ మధ్య 230 వోల్టులు రావాలి. ఇలాంటి తీగలు మూడుండే త్రీఫేజులో ఫేజుకీ ఫేజుకీ మధ్య 400 వోల్టులుంటాయి. న్యూట్రలు తెగగానే వెనక్కి పోయే దారి లేక, ఒక ఫేజు మీది సామాన్లు ఇంకో ఫేజు మీది సామాన్లతో వరసగా జతపడి ఆ 400 వోల్టులను పంచుకుంటాయి. పంపకం సమానంగా ఉండదు. గీజరు లాంటి బరువైన లోడున్న ఫేజుకు తక్కువ వోల్టేజి దక్కుతుంది. రెండు బల్బులూ ఒక టీవీ ఉన్న ఫేజు మీద మిగిలిందంతా పడుతుంది. టీవీ కాలేది అందుకే.

మీది సింగిల్ ఫేజే కదా అని ధీమాగా ఉండకండి. స్తంభం మీద గానీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గానీ న్యూట్రలు ఊడితే వీధిలో సింగిల్ ఫేజు ఇళ్లకూ ఇదే గతి పడుతుంది. పక్కింటివాళ్లకు కూడా మెయిన్ ఆపమని కేకేయండి. 1912కి ఫోన్ చేసి, కరెంటు పోయిందని చెప్పి ఊరుకోకుండా "న్యూట్రలు తెగింది, వోల్టేజి ఎక్కువ వస్తోంది" అని చెప్పండి. ఆ మాటతో లైన్‌మన్ త్వరగా కదులుతాడు.

వీధంతా చీకటైతే

ఇది మీ ఇంటి సమస్య కాదు కాబట్టి బోర్డు జోలికి పోవద్దు. ఏసీ, గీజరు, మోటారు, ఇస్త్రీపెట్టె స్విచ్చులు తీసేసి, కరెంటు వచ్చినట్టు తెలియడానికి ఒక్క లైటు స్విచ్ వేసి ఉంచండి. అన్నీ వేసి ఉంచితే కరెంటు వచ్చిన క్షణంలో వీధిలో మోటార్లన్నీ, కంప్రెసర్లన్నీ ఒక్కసారి లాగుతాయి. వచ్చిన కరెంటు అరనిమిషంలో మళ్లీ పోవడానికి చాలాసార్లు కారణం అదే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఫ్యూజు ఎగిరిపోతుంది.

పావుగంట దాటినా రాకపోతే 1912కి చేయండి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఏదైనా ఈ నంబరు ఒకటే. ఫోన్ చేసేముందు కరెంటు బిల్లు దగ్గర పెట్టుకోండి, సర్వీసు నంబరు అడుగుతారు. తెలంగాణ బిల్లు మీద యూఎస్‌సీ అని ఉండే నంబరు ఇవ్వండి. వీధంతా పోయిందా, మీ ఇంటికేనా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఒక్క ఇంటికైతే అది ఫ్యూజ్ ఆఫ్ కాల్, ఒక మనిషి నిచ్చెనతో వస్తాడు. వీధికైతే ఫీడరో (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) ట్రాన్స్‌ఫార్మరో చూడాలి, ఆ పనికి వచ్చే మనుషులు వేరు. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. రెండోసారి ఫోన్ చేసినప్పుడు అదే మీ ఆధారం.

ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే లోపలి చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. కరెంటు వచ్చాక ఫ్రిజ్‌నీ ఏసీనీ మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి వేయండి. కంప్రెసర్‌లో పీడనం సర్దుకోకముందే వేస్తే అది తిరగలేక మూలుగుతుంది, వైండింగు వేడెక్కుతుంది. స్టెబిలైజర్లలో ఆలస్యంగా ఆన్ అయ్యే ఏర్పాటు పెట్టేది ఇందుకే.

పైకప్పు మీద సోలార్ పలకలుండీ ఇల్లు చీకటయ్యిందని కంగారు పడేవాళ్లున్నారు. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సోలార్, వీధి కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోతుంది. ఆగాలి కూడా. లేకపోతే లైను మీద పనిచేసే మనిషికి మీ ఇంటి కరెంటు కొడుతుంది. వీధి లైనునూ జనరేటర్‌నూ విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ వైరును గోడ సాకెట్‌లో గుచ్చడం ప్రాణాలు తీసేదీ ఇందుకే.

ఎదురింట్లో ఉండి మీ ఇంట్లో లేకపోతే

మీటరు దగ్గరికి వెళ్లండి. కాళ్లకు రబ్బరు చెప్పులు, చేతులు పొడిగా. వర్షానికి మీటరు డబ్బా తడిసి ఉంటే ముట్టుకోకండి.

మీటరు తెర మీద అంకెలు కనిపిస్తున్నాయా? కనిపిస్తుంటే కరెంటు మీటరు దాకా వచ్చింది, లోపం మీ వైపే. తెర పూర్తిగా నల్లగా ఉంటే స్తంభం నుంచి మీటరుకు రావడం లేదు. అది డిస్కం పని. స్తంభం మీద జంపరు (తీగలను కలిపే ముక్క) ఊడి ఉండొచ్చు, సర్వీసు వైరు అతుకు దగ్గర కాలి ఉండొచ్చు. సర్వీసు వైర్లు ఎక్కువగా అల్యూమినియంవి. అతుకు దగ్గర తుప్పులాంటి పొర కట్టి, వేడెక్కి, ఒకరోజు తెగుతాయి. గాలి వీచినప్పుడల్లా లైట్లు మిణుకుమంటుంటే అది ముందస్తు హెచ్చరిక. తెగకముందే ఫిర్యాదు చేయడం మేలు. మీటరు సీలును మాత్రం ఎవరు చెప్పినా తాకొద్దు.

ఇంకో మామూలు కారణం: బిల్లు గడువు దాటి కనెక్షన్ తీసేసి ఉండొచ్చు. ఇది అడగడానికి మొహమాటపడి, గంటసేపు వైర్లు వెతికేవాళ్లున్నారు. ముందే చూసుకోండి.

మీటరులో అంకెలున్నాయి, ఇంట్లో లేదు అంటే తర్వాతి మజిలీ మెయిన్ స్విచ్. పాత ఇళ్లలో ఇనుప డబ్బా, పక్కన పిడి, లోపల పింగాణీ ఫ్యూజులుంటాయి. ఫ్యూజు మార్చడం కష్టం కాదు గానీ వరస తప్పకూడదు. మెయిన్ పిడి కిందికి దించండి. దించినా మీటరు వైపు నుంచి వచ్చే స్క్రూల దగ్గర కరెంటు ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ఫ్యూజు క్యారియర్‌ను (ఫ్యూజు వైరు ఉండే పింగాణీ ముక్క) నేరుగా ముందుకు లాగి, వైరు కాలిందా చూడండి. నల్లటి మసి, కరిగిన రాగి బిందువులు ఉంటే షార్టు జరిగింది. వైరు మధ్యలో మాత్రమే చక్కగా తెగి ఉంటే లోడు ఎక్కువై ఉండొచ్చు, లేదా వైరు పాతబడి ఉండొచ్చు.

పాత వైరు ముక్కలు తీసేసి, అంతే ఆంపియర్ల ఫ్యూజు వైరు ఒక్క పోగు వేయండి. లైట్ల సర్క్యూట్‌కు సాధారణంగా 5 ఆంపియర్లది. ఏది వేయాలో క్యారియర్ మీద ఉంటుంది. ఎలక్ట్రికల్ షాపులో "5 ఆంపియర్ల ఫ్యూజు వైరు" అని అడిగితే అట్ట మీద చుట్టి ఇస్తారు. స్క్రూ తిరిగే దిక్కునే చుట్టి బిగించండి. ఎదురు దిక్కున చుడితే బిగిస్తున్నకొద్దీ వైరు బయటికి జారుతుంది. మరీ లాగి బిగిస్తే వైరు సన్నబడి మామూలు లోడుకే తెగుతుంది, కొంచెం వదులుండాలి. కరెంటు వైరులోంచి రాగి పోగులు తీసి మెలేసి కట్టడం మన దగ్గర ఇంటింటి విద్య. అలా కడితే తర్వాతి షార్టుకు ఫ్యూజు కాలదు, గోడలోని వైరు కాలుతుంది. మరీ పాత బోర్డుల్లో న్యూట్రలుకూ ఒక ఫ్యూజు పెట్టేవాళ్లు. అది తెగితే టెస్టరు పెట్టిన చోటల్లా వెలుగుతుంది, లైటు మాత్రం వెలగదు. అలాంటి బోర్డు ఇంకా ఉంటే మార్పించండి.

ఎంసీబీ పడితే

కొత్త ఇళ్లలో ఇదే ఎక్కువ. పడిన మీట పూర్తిగా కిందికి ఉండొచ్చు, కొన్ని రకాల్లో మధ్యలో ఆగుతుంది. మధ్యలో ఉన్నదాన్ని నేరుగా పైకి తోస్తే నిలవదు. ముందు పూర్తిగా కిందికి నొక్కి, అప్పుడు పైకి ఎత్తండి. ఇది తెలియక ఎంసీబీ పాడైందని కొత్తది కొనేవాళ్లు చాలామంది.

ఎత్తేముందు ఆ సర్క్యూట్ మీది స్విచ్చులన్నీ తీసేయండి, ప్లగ్గులు పీకేయండి. రెండు నిమిషాలు ఆగండి. ఎంసీబీ లోపల వేడికి వంగే లోహపు పట్టీ ఒకటి ఉంటుంది. అది చల్లారకపోతే మీట నిలబడదు. తర్వాత ఎత్తి, ఏమవుతుందో చూడండి.

ఎత్తగానే టప్పున పడితే షార్టు. స్విచ్చులన్నీ తీసినా పడుతోందంటే లోపం గోడ లోపలి వైరులోనో, స్విచ్‌బోర్డు వెనకో ఉంది. రెండోసారి ఎత్తకండి. ప్రతిసారీ ఆ షార్టు మీదుగా వందల ఆంపియర్లు పారి వైరు తోలు ఇంకాస్త కాలుతుంది. ఆ ఒక్క ఎంసీబీ కిందే ఉంచి మిగతా ఇల్లు వాడుకోవచ్చు.

ఎత్తాక నిలిస్తే, స్విచ్చులు ఒక్కొక్కటే వేయండి, ఒక్కోదానికీ నడుమ కొన్ని సెకన్లు ఆగుతూ. ఏ స్విచ్ వేసినప్పుడు పడిందో అదే దొంగ. వంటింటి చిమ్నీ, బాత్‌రూమ్ ఎగ్జాస్టు, బాల్కనీ లైటు, ఇవి తేమ తగిలే చోట్లు కాబట్టి అనుమానం ముందు వాటి మీదే పెట్టండి.

పావుగంట, ఇరవై నిమిషాలు నిలిచి ఆ తర్వాత పడుతోందంటే కథ వేరు. లోడు ఎక్కువైంది, లేదా ఎంసీబీ స్క్రూ దగ్గర వైరు వదులై అక్కడ వేడి పుడుతోంది. లోడు లెక్క తేలిక. ఎంసీబీ మీద 10 ఆంపియర్లని రాసి ఉంటే, దాన్ని 230 వోల్టులతో హెచ్చించండి, 2300 వాట్లు. అదే సర్క్యూట్‌లో చిన్న సాకెట్‌కు 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ కలిపితే 3000. ఇంతకైనా ఎంసీబీ వెంటనే పడదు. దాని నియమం ప్రకారం రాసిన విలువకు 1.45 రెట్లు లాగితే గంటలోపు పడాలి, రెండున్నర రెట్లయితే నిమిషంలోపు. ఇస్త్రీ సగంలో ఉండగా లైట్లు పోవడం వెనక లెక్క ఇదే. లోడు తక్కువే ఉన్నా పడుతుంటే ఎంసీబీ ముఖం మీద వేలు ఆనించి చూడండి. పక్కవాటికంటే బాగా వేడిగా ఉంటే, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటే, స్క్రూ వదులైందని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.

ఊరికే పడుతోందని 10 ఆంపియర్ల చోట 32 పెట్టమని అడగొద్దు. అడగగానే పెట్టే మేస్త్రీని మళ్లీ పిలవొద్దు. లైట్లకు వాడేది సాధారణంగా 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, పాత ఇళ్లలో 1 కూడా ఉంటుంది. ఎంసీబీ ఆ వైరును కాపాడటానికి పెట్టింది. 32 ఆంపియర్లు ఆ వైరు మోయలేదు, కాలేదాకా ఎంసీబీ కదలదు.

ఆర్‌సీసీబీ పడితే

ఎంసీబీల పక్కన కాస్త వెడల్పుగా, మీద "టీ" అనే చిన్న బటన్‌తో ఉంటుంది. అది పడితే ఇల్లంతా ఒక్కసారి చీకటవుతుంది. లోడు ఎక్కువైతే అది పడదు. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేనప్పుడు, అంటే ఎక్కడో నేలలోకో గోడలోకో మనిషిలోకో కారుతున్నప్పుడు పడుతుంది. ఇళ్లలో వాడేది 30 మిల్లీఆంపియర్లది. కాబట్టి మొదట ఇంట్లో అందరూ క్షేమమా అని కేకేయండి. బాత్‌రూమ్‌లో, వాషింగ్ మెషిన్ దగ్గర, మోటారు దగ్గర ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఎవరికైనా షాక్ కొట్టి పడిపోతే 108.

అందరూ బాగున్నాక ఈ వరసలో వెళ్లండి:

1. ఎంసీబీలన్నీ కిందికి దించండి.
2. ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలిచిందా?
3. ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తండి. ఏది ఎత్తినప్పుడు ఆర్‌సీసీబీ పడిందో ఆ సర్క్యూట్‌లో లీకేజీ ఉంది.
4. అదొక్కటి దించి మిగతావి ఎత్తుకోండి. ఇల్లు నడుస్తుంది.
5. దించిన సర్క్యూట్‌లో ప్లగ్గులన్నీ పీకి మళ్లీ ఎత్తి చూడండి. ఇప్పుడు నిలిస్తే పీకిన సామానుల్లో ఏదో ఒకటి కారణం.

గీజరు కాయిల్ చిల్లుపడటం, వర్షం నీరు చేరిన గేటు లైటు, సంపులో మోటారు, ఈ మూడింటినీ ముందు చూడండి. పండుగలకు వేసే సీరియల్ లైట్లు నాలుగోది.

ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలవకపోతే తికమక పడకండి. మామూలు ఎంసీబీ ఫేజును మాత్రమే తెంపుతుంది, న్యూట్రలు కలిసే ఉంటుంది. ఆ న్యూట్రలు ఎక్కడో ఎర్తుకు తగులుతుంటే ఎంసీబీలు దించినా లాభం లేదు. ఇది ఎలక్ట్రీషియన్ న్యూట్రల్ వైర్లు ఒక్కొక్కటీ విప్పి పట్టుకోవాల్సిన లోపం. కొత్తగా ఇన్వర్టర్ పెట్టించినప్పటి నుంచే పడుతుంటే, ఇన్వర్టర్ న్యూట్రలునూ ఇంటి న్యూట్రలునూ తప్పుచోట కలిపారని ముందుగా అనుమానించండి.

ఉరుము ఉరిమినప్పుడు ఒకసారి పడి, ఎత్తితే నిలిస్తే భయం లేదు. రోజూ పడుతోందని దాన్ని తప్పించి డైరెక్ట్ చేయించుకోవడం మాత్రం ఇంట్లోవాళ్ల ప్రాణాలతో ఆడుకోవడమే. నెలకోసారి "టీ" నొక్కండి. నొక్కితే పడాలి. పడకపోతే అది పనిచేయడం లేదు, మార్చండి.

సగం ఇల్లు ఆరితే, ఒక్క బల్బే ఆరితే

త్రీఫేజు మీటరున్న ఇంట్లో సగం గదులు ఆరి, మిగతావి మామూలుగా వెలుగుతుంటే ఒక ఫేజు రావడం లేదు. మీటరు తెర మీద ఏ ఫేజు లేదో కనిపిస్తుంది. బోర్డులో ఫేజు మార్చే సెలెక్టరు ఉంటే ముందు ఆ గదుల ఏసీ, గీజరు స్విచ్చులు తీసేసి, అప్పుడు లైట్ల వరకు ఇంకో ఫేజుకు తిప్పుకోండి. లోడంతా తిప్పకండి. వీధిలో అందరూ అదే పని చేసి ఉంటారు. ఉన్న రెండు ఫేజుల్లో ఒకటి కూడా పోతుంది. త్రీఫేజు మోటారు ఉంటే, పోయిన ఫేజు తిరిగి వచ్చేదాకా వేయొద్దు. రెండు ఫేజుల మీద నడిస్తే వైండింగు కాలుతుంది.

ఒక్క లైటే అయితే స్విచ్ తీసి, బల్బును వెలుగుతున్న హోల్డరులో పెట్టి చూడండి. అక్కడ వెలిగితే బల్బు మంచిదే. పాత హోల్డరు లోపల రెండు పిన్నుల స్ప్రింగులు మొండికేసి బల్బును తాకవు. హోల్డరు మార్చడం తేలిక, కానీ స్విచ్ తీస్తే సరిపోతుందనుకోవద్దు, ఎంసీబీ దించండి. స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రలుకు పెట్టిన ఇళ్లు ఎన్నో. అక్కడ స్విచ్ తీసినా హోల్డరులో ఫేజు ఉంటుంది. స్విచ్ తీశాక కూడా ఎల్‌ఈడీ మసకగా వెలుగుతూనే ఉంటే అది ఇలాంటి వైరింగు వల్ల కావచ్చు.

ఎల్‌ఈడీలు నెలనెలా పోతుంటే కంపెనీని తిట్టేముందు వోల్టేజి కొలిపించండి. 230కి ఆరు శాతం అటూ ఇటూ, అంటే సుమారు 216 నుంచి 244 మధ్య ఉండాలి. రాత్రి పది దాటాక 260 చూపిస్తుంటే 1912కి ఫిర్యాదు చేయాల్సిందే. గాలాడని గాజు డూముల్లో పెట్టిన బల్బులు వేడికి తొందరగా పోతాయి, అది మాత్రం మీ చేతిలో ఉన్న పని.

ఇన్వర్టర్ ఉండీ రాకపోతే

ముందు పెట్టె ముందున్న స్విచ్ ఆన్‌లో ఉందా చూడండి, ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి ఆగి ఉంటుంది. ఓవర్‌లోడ్ లైటు వెలుగుతుంటే లోడు తగ్గించి, ఆపి మళ్లీ వేయండి. వెనక ఫ్యూజో చిన్న ఎంసీబీయో ఉంటుంది, చూడండి. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటే పట్టు తప్పింది. ఇన్వర్టర్ ఆపి, వేడినీళ్లలో తినేసోడా కలిపి ఆ నీళ్లతో తుడిచి, ఆరాక బిగించి, పెట్రోలియం జెల్లీ రాయండి. సోడానీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోనీయకండి. బ్యాటరీ మీదికి వంగి కొవ్వొత్తితో చూడటం వద్దు. ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది.

ఎంతసేపు వస్తుందో ముందే లెక్కేసుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ అంటే 1800 వాట్‌అవర్లు. బ్యాటరీని పూర్తిగా పిండకుండా, ఇన్వర్టర్ తినేది పోగా చేతికొచ్చేది 1150 దాకా. మూడు పాత ఫ్యాన్లు 225 వాట్లు, ఐదు 9 వాట్ల బల్బులు 45, మొత్తం 270. నాలుగు గంటలు. అవే ఫ్యాన్లు తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం అయితే మొత్తం 135, ఎనిమిది గంటలు దాటుతుంది. రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాన్ల ధర అడగండి.

మెయిన్ ఆపి బోర్డు విప్పేటప్పుడు ఇన్వర్టర్ కూడా ఆపాలి. మెయిన్ తీసినా ఇన్వర్టర్ లైన్లలో 230 వోల్టులు పారుతూనే ఉంటాయి. ఇంట్లో తిప్పలు పడి షాకులు తిన్నవాళ్లలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ఇన్వర్టర్ కొనలేకపోతే, లోపల బ్యాటరీ ఉన్న ఎల్‌ఈడీ బల్బులు రెండు చాలు, వంటింట్లో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి. దాని స్విచ్ వేసే ఉంచాలి, అప్పుడే కరెంటు పోగానే వెలుగుతుంది. రోజూ స్విచ్ తీసేసే గదిలో పెడితే ఛార్జి కాదు.

తుపాను రోజుల్లో

కోస్తావాళ్లకు గంటల లెక్క సరిపోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక విశాఖలో ఎన్నో ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. హెచ్చరిక రాగానే ఓవర్‌హెడ్ ట్యాంకు నింపండి, ఫోన్లూ పవర్ బ్యాంకులూ ఛార్జి చేయండి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో 37 వాట్‌అవర్లుంటాయి. 5 వాట్ల యూఎస్‌బీ లైటును ఐదారు గంటలు వెలిగిస్తుంది, లేదా మామూలు ఫోన్‌ను దాదాపు రెండుసార్లు నింపుతుంది. ఏది ముఖ్యమో ముందే తేల్చుకోండి. జనరేటర్‌ను వరండాలో, గదిలో పెట్టొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తెగి పడిన తీగ కనిపిస్తే కరెంటు లేదులే అనుకోవద్దు. కనీసం పది మీటర్ల దూరంలో ఉండి, అటు ఎవరినీ పోనీయకుండా 1912కి చెప్పండి. తడినేలలో ఆ దూరం ఇంకా పెంచండి.

ఇంట్లోకి నీళ్లొచ్చి సాకెట్లు మునిగి ఉంటే, వీధిలో కరెంటు వచ్చినా మెయిన్ వేయకండి. స్విచ్‌బోర్డులు విప్పి, బురద కడిగి, రెండు మూడు రోజులు గాలికి ఆరనిచ్చి, ఎలక్ట్రీషియన్ ఇన్సులేషన్ కొలిచాకే వేయాలి. వైర్లు చాలావరకు పనికొస్తాయి. నీట మునిగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీలను మాత్రం ఆరబెట్టి వాడొద్దు. లోపలి స్ప్రింగులూ కాంటాక్టులూ తుప్పు పట్టి, పడాల్సిన సమయానికి పడవు, కొత్తవే వేయించండి.